కార్ సీటు కొందామంటే ఇంట్లో మాట కుదరడం లేదు

హైదరాబాదు మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు ప్రకటించవద్దని కోరారు. ఆమెకు పద్నాలుగు నెలల పాప ఉంది. పాప బరువు తొమ్మిదిన్నర కిలోలు, పొడవు 75 సెంటీమీటర్లు. పుట్టిల్లు విజయవాడ కావడంతో నెలకోసారి భర్త, అత్తగారు, పాప, తాను కలిసి 65వ నంబరు జాతీయ రహదారి మీద కారులో వెళ్ళి వస్తుంటారు. కారు 2016లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్. ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి కానీ వెనక, పిల్లల సీటును బెల్టు లేకుండా నేరుగా కారుకు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు లేవు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు ఉండటం వల్ల కాళ్ళు చాపుకోవడానికి వెనక సీటంతా ఆవిడకు వదిలేసి, ఈమె పాపను ఒడిలో పెట్టుకుని ముందు కూర్చుంటారు. గత నెల చౌటుప్పల్ దాటాక ముందు వెళుతున్న లారీ ఒక్కసారిగా ఆగడంతో భర్త గట్టిగా బ్రేకు వేశారు. చేతుల్లోంచి జారిన పాప నుదురు డ్యాష్‌బోర్డుకు తగిలి బొప్పి కట్టింది. అదృష్టవశాత్తూ అంతకు మించి ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి తన సీటు బెల్టులోనే పాపను కూడా కలిపి బిగించుకుంటున్నానని ఆమె రాశారు.

పాపకు కార్ సీటు, అంటే కారు సీటు మీద విడిగా బిగించే పిల్లల సీటు, కొందామంటే అత్తగారు, “పసిదాన్ని తాళ్ళతో కట్టేస్తారా? మేం నలుగురిని ఒళ్ళోనే పెట్టుకుని తిరిగాం” అంటున్నారట. భర్త, “నేను ఎనభై దాటి నడపను, ఎలాగూ రెండు మూడేళ్ళలో కారు మారుస్తాం, అప్పుడు చూద్దాం” అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న ఆడపడుచు తన ఇద్దరు కొడుకులూ వాడిన సీటును సంక్రాంతికి తెచ్చిస్తానంటున్నారు, కాదంటే ఆమె నొచ్చుకుంటారేమోనని భయం. ఆన్‌లైన్‌లో చూస్తే పదిహేను వందల గుడ్డ సీటు నుంచి నలభై వేల రూపాయల తిరిగే సీటు వరకు ఉన్నాయి. ఏది ఎంచుకోవాలో, ఇంట్లో ఎలా ఒప్పించాలో, ఈ నెల 20వ తేదీన అన్నయ్య కూతురి అన్నప్రాశనకు అసలు బయలుదేరాలో వద్దో తేల్చుకోలేకపోతున్నానని ఆమె అడుగుతున్నారు.

మీ ఉత్తరంలోని చాలా సంగతులు మీరూ మీ ఇంటివారూ కూర్చుని ఆలోచించి నిర్ణయించుకోవలసినవి. ఒక్కటి మాత్రం అలాంటిది కాదు. మీ బెల్టులో పాపను కలిపి బిగించుకోవడం ఈరోజే మానేయండి. మీరు మంచి ఉద్దేశంతోనే చేశారు కానీ ఢీకొన్నప్పుడు మీ శరీరం బరువంతా వెనక నుంచి పాపను బెల్టు మీదికి నొక్కేస్తుంది. అంటే మీకు రక్షణగా ఉన్న బెల్టే పాపకు కోత పెట్టే పట్టీ అవుతుంది. పైగా మీ ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంది. పెద్దవాళ్ళ ఛాతీని ఆపడానికి రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో తెరుచుకునే ఆ సంచి, ఒడిలో ఉన్న బిడ్డ తలకు ఎదురుగా వచ్చి తగులుతుంది. అందుకే ముందు సీటులో, ఎవరి ఒడిలోనైనా సరే, పసిబిడ్డ ఉండకూడదు.

గట్టిగా పట్టుకుంటే సరిపోదా అన్న ప్రశ్న మీ ఇంట్లో తప్పకుండా వస్తుంది. దానికి చిన్న లెక్క చెబుతాను. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకోండి. ఆ క్షణంలో కారులోని ప్రతి శరీరమూ తన బరువుకు సగటున పద్నాలుగు రెట్ల బలంతో ముందుకు తోసుకుపోతుంది. మీ పాప తొమ్మిదిన్నర కిలోలు అంటే సుమారు 130 కిలోల బరువు మీ చేతుల్లోంచి ఒక్కసారిగా లాగినట్టు. ఏ తల్లి చేతులూ దానిని ఆపలేవు. చౌటుప్పల్ దగ్గర పాప జారిపోవడం మీ అజాగ్రత్త కానే కాదని కూడా ఇందులోంచే మీరు గ్రహించాలి. ఆ నెపం మీ మీద వేసుకుని నిద్ర పోగొట్టుకోకండి. మీవారి “ఎనభై దాటను” అన్న మాటకు కూడా జవాబు ఈ లెక్కలోనే ఉంది. ఎనభై అవసరం లేదు, యాభైకే ఇంత జరుగుతుంది. ఆయన ఎంత జాగ్రత్తగా నడిపినా ఆ రోజు ఆగిపోయిన లారీ ఆయన చేతిలో లేదు కదా.

ఇక సీటు సంగతి. “ఏది మంచి సీటు?” అని అడిగారు. నా అభిప్రాయంలో పాప బరువుకూ పొడవుకూ సరిపోయి, మీ 2016 కారులో కదలకుండా బిగిసి, ప్రతి ప్రయాణంలోనూ వాడగలిగేదే మంచి సీటు. నలభై వేలు పెట్టి కొని, బిగించడం కష్టమని అటక మీద పెట్టినదాని కన్నా, పది వేలకు కొని ప్రతిసారీ సరిగ్గా బిగించినదే బిడ్డను కాపాడుతుంది. కాబట్టి ధరల పట్టిక పక్కన పెట్టి పాప నుంచి మొదలుపెడదాం.

పద్నాలుగు నెలల బిడ్డ కారు వెనక వైపుకు ముఖం పెట్టి కూర్చోవాలి. దీనినే రియర్ ఫేసింగ్ అంటారు. కారణం మెడ. పుట్టినప్పుడు శిశువు పొడవులో దాదాపు నాలుగో వంతు తలే ఉంటుంది. ఏడాది దాటాక కూడా పెద్దవాళ్ళతో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండవు. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డను పట్టీలు ఛాతీ దగ్గర ఆపుతాయి కానీ తల మాత్రం ముందుకు విసురుగా పోతుంది, ఆ లాగుడంతా మెడ మీద పడుతుంది. వెనక్కి తిరిగి కూర్చుంటే తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు డిప్పలోకి ఒదిగిపోతాయి, బలం అంతటా పరుచుకుంటుంది. స్వీడన్‌లో నాలుగేళ్ళ వరకూ పిల్లలను ఇలాగే కూర్చోబెట్టడం మామూలు విషయం. కాళ్ళు మడుచుకోవలసి వస్తుందని చాలామంది దిగులుపడతారు. పిల్లలు మఠం వేసుకుని హాయిగానే కూర్చుంటారు, దానివల్ల ఇబ్బందేమీ లేదు.

అయితే దుకాణంలో మీకు మరో మాట చెప్పవచ్చు: “తొమ్మిది కిలోలు దాటింది కాబట్టి ముందుకు తిప్పుకోవచ్చు” అని. అది పూర్తిగా అబద్ధం కాదు. మన దగ్గర దొరికే మంచి సీట్లు చాలావరకు ఐరోపాలో మొదలైన ఆర్44 అనే భద్రతా ప్రమాణానికి లోబడి తయారైనవి, మన దేశపు ఏఐఎస్-072 ప్రమాణం కూడా ఆ పద్ధతిలోనిదే. ఆ పాత ప్రమాణం బరువును బట్టి గుంపులు చేసింది: సున్నా ప్లస్ గుంపు 13 కిలోల వరకు, ఒకటో గుంపు 9 నుంచి 18 కిలోల వరకు. మీ పాప రెండింటిలోనూ పడుతుంది. తరువాత వచ్చిన ఆర్129 ప్రమాణం పిల్లల పొడవును లెక్కలోకి తీసుకుని, కనీసం పదిహేను నెలలు నిండేవరకు వెనక్కి తిరిగే ఉండాలని నియమం పెట్టింది. ఆ పదిహేను నెలలు కనీస గడువు మాత్రమే. సీటు అనుమతించినంత కాలం, అంటే 13 కిలోలు వచ్చేవరకో, తల పైభాగం సీటు డిప్ప అంచుకు దగ్గర పడేవరకో, వెనక్కే కూర్చోబెట్టమని నా సలహా. మీ పాప పెరుగుదల ఇలాగే సాగితే 13 కిలోలు రావడానికి రెండున్నరేళ్ళు దాటవచ్చు.

అందువల్ల మీకు నిజంగా పనికివచ్చే దారులు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి, పుట్టినప్పటి నుంచి 18 కిలోల వరకు వాడే సీటు. ఇది ఇప్పుడు వెనక్కి, తరువాత ముందుకు తిరుగుతుంది, సుమారు ఐదేళ్ళ వయసు వరకు వస్తుంది. ఆ తరువాత వీపు భాగం ఉన్న బూస్టర్, అంటే కారు బెల్టు సరిగ్గా పట్టేలా బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టే పీట, విడిగా కొనుక్కోవలసి ఉంటుంది. రెండోది, 36 కిలోల వరకు అన్నీ తానే అయ్యే సీటు. ఒకేసారి ఖర్చుతో పోతుందన్నది దాని ఆకర్షణ. కానీ సాధారణంగా అది పెద్దదిగా, బరువుగా ఉంటుంది, చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వెనక్కి తిప్పి బిగిస్తే ముందు సీటును బాగా ముందుకు జరపవలసి వస్తుంది. పైగా ఎండలో నిలిచే కారులో ప్లాస్టిక్ పదేళ్ళపాటు అదే గట్టితనంతో ఉండదు. నేనైతే మీ కారుకు మొదటిదే ఎంచుకుంటాను. అన్నీ ఒకేదానిలో కావాలని మీవారు పట్టుబడితే అది తప్పేమీ కాదు, ముందు కారులో పెట్టి చూసి కొనండి. గుండ్రంగా తిరిగే సీటు సౌకర్యం కోసమే తప్ప అదనపు భద్రత కోసం కాదు, పైగా వాటిలో చాలావాటికి ఐసోఫిక్స్ కావాలి. పదిహేను వందల గుడ్డ సీటు జోలికి మాత్రం వెళ్ళకండి. గట్టి డిప్ప లేని ఆ దిండు బిడ్డను కుదురుగా కూర్చోబెడుతుందే తప్ప ఢీకొన్నప్పుడు ఆపలేదు.

ఏది కొన్నా సీటు వెనకో పక్కనో అతికించిన నారింజ రంగు లేబుల్ చూడండి. దానిమీద వలయంలో ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం, పక్కనే ఒక అంకె, ప్రమాణం పేరు, ఎన్ని కిలోల వరకు అన్న వివరం, ఆమోదపు సంఖ్య ఉంటాయి. ప్రకటనలో ఏమి రాశారన్నది కాదు, సీటు మీద ఏమి ఉందన్నది ముఖ్యం. ఆ లేబుల్ ఫోటో పంపలేని అమ్మకందారు దగ్గర కొనవద్దు.

ఐసోఫిక్స్ లేదని మీరు బెంగపడ్డారు. అది బిగించడంలో పొరపాట్లను తగ్గిస్తుంది, అంతే. సీటు బెల్టుతో సరిగ్గా బిగించిన సీటు కూడా గట్టి రక్షణే ఇస్తుంది. ముందు మీ కారులో రెండు చూసుకోండి. వెనక సీటు మధ్యలో చాలా పాత చిన్న కార్లలో నడుముకు మాత్రమే బెల్టు ఉంటుంది. ఈ రకం సీట్లకు భుజం మీదుగా వచ్చే మూడు కొనల బెల్టు కావాలి కాబట్టి పాప సీటు పక్క కిటికీ వైపే రావాలి. రెండోది, బెల్టు పొడవు. సీటును వెనక్కి తిప్పి బిగించడానికి ఎక్కువ బెల్టు పడుతుంది, కొన్ని కార్లలో అది చాలదు. అందుకే కారు తీసుకెళ్ళి దుకాణం ముందే బిగించి చూడటమో, ఆన్‌లైన్ అయితే వెనక్కి తీసుకునే గడువు ఉన్నచోట కొనడమో చేయండి. కారు మార్చే ఆలోచన ఉంది కాబట్టి బెల్టుతోనూ ఐసోఫిక్స్‌తోనూ బిగించగల సీటు కూడా ఒక దారి, కాకపోతే దాని ధర ఎక్కువ. కొత్త కారు కొనేటప్పుడు మాత్రం 2023 అక్టోబరు నుంచి అమలులో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ అనే, కార్లను ఢీకొట్టించి చూసే పరీక్షలో పిల్లల రక్షణకు విడిగా ఇచ్చే స్టార్లను చూడండి. అయితే “అప్పుడు చూద్దాం” అన్నది ఈ విషయంలో కుదరదు. పాప మెడకు ఈ రక్షణ అత్యంత అవసరమైన కాలం సరిగ్గా ఆ రెండు మూడేళ్ళే.

మీ ఆడపడుచు గారి సీటు దగ్గరికి వస్తాను. దీనిలో ఆప్యాయత ఉంది, దానిని కాదనడం మీకు కష్టంగా ఉండటం సహజం. మొహమాటం లేకుండా తేల్చుకునే పద్ధతి ఒకటుంది: సీటు అడుగున అచ్చువేసిన తయారీ తేదీకీ, గడువు తేదీకీ ఫోటో తీసి పంపమనండి. చాలా కంపెనీలు ఆరు నుంచి పదేళ్ళ వరకే గడువు ఇస్తాయి. ఇద్దరు పిల్లలు వాడిన సీటు కాబట్టి ఆ తేదీయే సమాధానం చెప్పేయవచ్చు. గడువు మిగిలే ఉంటే, అది ఎప్పుడైనా ప్రమాదానికి గురైందా, పట్టీలూ దిండ్లూ అన్నీ ఉన్నాయా, వాడుక పుస్తకం ఉందా అని అడగండి.

అన్నీ సవ్యంగా ఉన్నా ఒక చిక్కు మిగులుతుంది. అమెరికా కార్లలో వెనక బెల్టును చివరిదాకా లాగి వదిలితే అది టకటకమని వెనక్కి పోతూ బిగుసుకుపోతుంది, మళ్ళీ బయటికి రాదు. అక్కడి సీట్లలో కొన్ని ఆ బిగుతు మీదే ఆధారపడతాయి. మన దగ్గర అమ్మిన చిన్న కార్లలో చాలావాటికి ఆ ఏర్పాటు లేదు, బెల్టు గట్టి కుదుపుకే ఆగుతుంది. మీ కారు బెల్టును ఒకసారి అలా లాగి చూడండి. బిగుసుకోకపోతే, సీటులోనే బెల్టును పట్టి ఉంచే బిగింపు లేని అమెరికా సీటు మీ కారులో వదులుగా ఊగుతుంది. “వదినా, మా కారు బెల్టుకు అది నప్పడం లేదట” అని చెప్పడంలో ఎవరి మనసూ నొచ్చుకోదు, అది నిజం కూడా. ఆమె ఏదో ఒకటి ఇవ్వాలనే అనుకుంటే ఇక్కడే కొనే సీటుకు సాయం చేయవచ్చు.

అన్నిటికన్నా మీరు ఎక్కువగా రాసింది అత్తగారి గురించి. ఆవిడ మాటను నేను మొండితనంగా చూడటం లేదు. బిడ్డ ఒడిలో ఉంటేనే భద్రంగా ఉంటుందన్నది తరతరాల అనుభవం. ఆ అనుభవం ఎడ్లబండికీ రైలుకూ సరిపోయింది. నాలుగు వరుసల రహదారి మీద పోయే కారుకు సరిపోవడం లేదు, అంతే తేడా. చట్టం పేరు చెప్పి ఆవిడ నోరు మూయించడం ఒక మార్గం: 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. మీవారికి ఈ సంగతి తెలియాలి. కానీ అత్తగారి విషయంలో నేను దానిని వాడను. జరిమానా మాటకు ఆవిడ ఊరుకుంటారేమో కానీ పాప ఏడ్చిన మొదటి నిమిషంలోనే పట్టీలు విప్పేస్తారు.

దానికన్నా ఆవిడకు పాప పక్కన చోటు ఇవ్వండి. ముందు ఎడమ సీటు వెనక పాప సీటు, డ్రైవరు వెనక అత్తగారు, ముందు మీరు. పాప సీటు కోసం ముందు సీటు జరపవలసి వస్తే ఆ ఇరుకు మీరు భరిస్తారు, మోకాళ్ళ నొప్పి ఉన్న ఆవిడకు పడదు. వెనక్కి తిరిగి ఉన్న పాపకు నానమ్మ ముఖం ఎదురుగా కనిపిస్తుంది. కథ చెప్పడం, బొమ్మ అందించడం, నిద్రపోతే తల చూసుకోవడం ఆవిడ చేతిలోకి వస్తాయి. దీనిలో ఆవిడకు కలిగే కష్టాన్ని కూడా దాచకుండా చెప్పాలి: కాళ్ళు సీటు మీదికి చాపుకోవడం ఇక కుదరదు, ఆవిడ కూడా బెల్టు పెట్టుకోవాలి. వెనక బెల్టు లేకుండా కూర్చున్న పెద్దవాళ్ళు ఢీకొన్నప్పుడు పక్కనున్న బిడ్డ మీదే పడతారు. 2022 సెప్టెంబరులో మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర కారు ప్రమాదంలో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ మరణించినప్పుడు ఆయన వెనక సీటులో బెల్టు లేకుండానే ఉన్నారని పోలీసులు చెప్పారు. మోకాళ్ళ కోసం సూర్యాపేట దగ్గర ఒకసారి, దానికి ముందూ వెనకా మరోసారి ఆగి నాలుగడుగులు వేయించండి. ఆ ఆగడం పాపకూ అవసరమే, రెండు గంటలకు మించి ఏ పసిబిడ్డనూ సీటులో ఏకధాటిగా ఉంచకూడదు. పాలు పట్టాలన్నా, ఏడుపు ఆగకపోయినా హోటలు దగ్గరో పెట్రోలు బంకులోనో ఆపి ఎత్తుకోండి. నడుస్తున్న కారులో మాత్రం ఒక్క నిమిషానికైనా పట్టీ విప్పవద్దు. ఒక్కసారి విప్పితే ఏడిస్తే విప్పుతారని పాపకు అర్థమైపోతుంది.

అలవాటు చేయడానికి సీటు రాగానే ఊరికి బయలుదేరకండి. రెండు మూడు రోజులు హాల్లోనే ఉంచి, పాపను కాసేపు కూర్చోబెట్టి ఆడించండి, అత్తగారి చేతనే పట్టీలు పెట్టించండి. తరువాత కూరగాయలకు వెళ్ళేటంత దూరం, ఆ తరువాత మరికొంచెం. మొదటి వారం ఏడుస్తుంది. దానికి ముందే సిద్ధపడితే మీ ముగ్గురిలో ఎవరూ వెనక్కి తగ్గరు.

బిగించేటప్పుడు వెనక్కి తిరిగే స్థితికి నీలం రంగు గుర్తుల గుండా, ముందుకు తిరిగే స్థితికి ఎర్ర గుర్తుల గుండా బెల్టు పోవాలి. బిగించాక బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపితే రెండున్నర సెంటీమీటర్ల కన్నా ఎక్కువ కదలకూడదు. వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడు భుజం పట్టీలు పాప భుజాల ఎత్తులో గానీ కొంచెం కింద గానీ మొదలవ్వాలి. పట్టీ బిగించాక భుజం ముందున్న కాలర్‌బోన్ దగ్గర ఆ పట్టీని వేళ్ళతో గిల్లి చూడండి, గుడ్డ మడత మీ వేళ్ళకు చిక్కితే ఇంకా వదులే. మెత్తగా ఉంటుందని వీపు కింద బొంత వేయకండి. చలి ఉంటే పట్టీలు పెట్టాక పైన దుప్పటి కప్పండి. మన ఎండలకు బకిల్ కాలిపోతుంది, కారు ఆపినప్పుడు సీటు మీద తెల్లని పంచె కప్పి ఉంచి, కూర్చోబెట్టే ముందు చేత్తో తాకి చూడండి.

ఇక 20వ తేదీ. ఈలోగా సీటు వచ్చి, కారులో గట్టిగా కూర్చుని, పాప ఊరిలో తిరిగే చిన్న ప్రయాణాలకు కొంతైనా అలవాటు పడితే కారులోనే వెళ్ళండి, ఉదయాన్నే బయలుదేరి ఆగుతూ వెళ్ళండి. సీటు రాకపోయినా, వచ్చినది మీ బెల్టుకు సరిపోకపోయినా, ఈ ఒక్కసారికి లింగంపల్లి నుంచో సికింద్రాబాదు నుంచో మీరూ అత్తగారూ పాపా రైలెక్కండి. అత్తగారు కాళ్ళు చాపుకోవచ్చు, పాపను ఒడిలో పెట్టుకోవచ్చు. మీవారు సామాను వేసుకుని కారులో వెనక వస్తారు. అన్నప్రాశనకు ఎవరూ ఆలస్యం కారు.